కెంపులో గీత

మధ్యాహ్నంలోపు ఈ ఉంగరాన్ని గోదావరిలో వదిలేస్తే నా భర్త చావుకి నేనే కారణమని ఒప్పుకున్నట్టు. వదలకపోతే, సుకుమార్ కోసం ఏడ్చే రెండో మనిషి ఈ లోకంలో నాకు మిగలదు. రెండు వాక్యాల్లో తేలిపోయే ఈ సంగతిని చెమట పట్టిన కుడి గుప్పిట్లో పెట్టుకుని రైలెక్కాను. రైలు వంతెన మధ్యలో ఆగిపోయింది. గోదావరి స్టేషన్లో ఎక్కినప్పుడు, కొవ్వూరు ఎంతసేపులే, ఆలోచించుకునే వ్యవధి కూడా ఉండదు, దిగడం, ఆటో ఎక్కడం, రేవులో మెట్లు దిగడం, చెయ్యి చాపి వేళ్ళు తెరవడం, అంతే అనుకున్నాను. ఆలోచన లేకుండా చేసేద్దామనే అనుకున్నాను. కానీ ఆర్చి బ్రిడ్జి మీదికి వచ్చి నాలుగైదు కమానులు దాటాక బండి ఒళ్ళు విరుచుకున్నట్టు ఒక్కసారి మూలిగి నిలబడింది. ఎదర సిగ్నల్ ఇవ్వలేదట. ఇటు నీళ్ళు, అటు నీళ్ళు. పక్కనే రైళ్ళు మానేసిన పాత హేవలాక్ బ్రిడ్జి, దాని స్తంభాల మీద నీటికాకులు రెక్కలు చాపి ఆరబెట్టుకుంటున్నాయి. రైళ్ళు రాని బ్రిడ్జికి కూడా ఇంకా రెండు ఒడ్లూ ఉన్నాయి. వాటిని అదేం చేసుకుంటుందో. మార్గశిరం ఎండ కిటికీ ఊచల్లోంచి నా ఒళ్ళో చారలుగా పడింది. కమాను నీడ సరిగ్గా ఒడి మధ్యలోకి వచ్చి ఆగింది. మోకాళ్ళు ఎండలో, గుప్పిట నీడలో.

అత్తయ్యగారు తెల్లవారుతూనే వెళ్ళిపోయారు. సుకుమార్ పినతండ్రి కొడుకు తాతాజీ కారులో, పురోహితుడితో, నువ్వులూ బియ్యమూ దర్భలూ సర్దుకుని కొవ్వూరు గోష్పాద రేవుకి. ఇవాళ సుకుమార్ సంవత్సరీకం. నిన్న సాయంత్రం ఆవిడ వంటింటి గుమ్మంలో నిలబడి, నా వైపు కాకుండా గడప వైపు చూస్తూ నిర్ణయం చెప్పారు. బీట ఉన్న రాయి ఏడాది దాటి ఇంటి సొత్తుగా ఉండకూడదట. పారే నీళ్ళలో వదిలెయ్యమని పంతులుగారూ అన్నారట. ఉంగరం నేను పనిచేసే చోట లాకర్లో ఉందని ఆవిడకి తెలుసు కాబట్టి, పొద్దున్న వెళ్ళి తీసుకుని పన్నెండులోపు రేవుకి రమ్మన్నారు. సరేనండి అన్నాను. ఆ ఇంట్లో ఈ ఏడాది నేను ఎక్కువసార్లు అన్న మాట అదే. కూర మూత కింద ఉంది. సరేనండి. గ్యాసు వాడు వస్తాడు. సరేనండి. వీధి తలుపు వేసుకో. సరేనండి. మామగారు ఎప్పుడో పోయారు, మాకు పిల్లలు కలగలేదు, స్టీలు సామాన్ల కొట్టు ఇప్పుడు తాతాజీ చూసుకుంటున్నాడు, కాబట్టి ఇంట్లో మేమిద్దరమే. రెండు గదులు, రెండు ఫ్యాన్లు, మధ్య ఒక్క గోడ. పడుకున్నాక అటుపక్క ఆవిడ మంచం కిర్రుమంటుంది, కాసేపటికి ఇటుపక్క నాది కిర్రుమంటుంది. మేలుకునే ఉన్నామని ఇద్దరికీ తెలుసు. లేచి వెళ్ళి ఆ తలుపు తట్టడానికి మాత్రం ఇద్దరిలో ఒక్కరికీ చెయ్యి రాలేదు. వంటిల్లు సర్దడానికి వెళ్తే ఆవిడ గ్లాసు బోర్లించి ఉంటుంది, నా గ్లాసు కూడా కడిగి పక్కనే బోర్లించి ఉంటుంది. ఎవరికోసమో దాచిపెట్టినట్టు, మూడో గ్లాసు ఇంకా అరలోనే ఉంది. దాన్ని ఆవిడా తియ్యరు, నేనూ తియ్యను.

నా పని రాళ్ళు పరీక్ష చెయ్యడం. మెయిన్‌రోడ్డు బంగారుకొట్ల వరసలో ఒక మేడ మీద గది, ఒక మైక్రోస్కోపు, ఒక్క దిక్కున ఊగే వెలుగునే పోనిచ్చే రెండు పోలరాయిడ్ పలకలు, గాజు గిన్నెలు, తలుపు మీద నా పేరు, సాయిప్రసన్న, ఎమ్మెస్సీ ఫిజిక్స్. కింద కొట్ల వాళ్ళు పొట్లాలు పంపిస్తారు. ఇది కెంపా గాజా, ఇది వజ్రమా ఇంకోటా, ఇది భూమిలో పుట్టిందా మిషన్లో పుట్టిందా అని అడుగుతారు, నేను చెప్తాను. ఏ రాయి గురించీ ఇంతవరకు అబద్ధం చెప్పలేదు, మొహమాటానికి కూడా. ఒకసారి కింది షాపు యజమాని, అమ్మా, పెళ్ళివారు వచ్చి కూర్చున్నారు, కాస్త మెత్తగా రాయండమ్మా అన్నాడు. రాయికి మెత్తదనం ఉండదండి అన్నాను. ఆ మాట బజారంతా తిరిగింది. అలాంటిదాన్ని ఈ ఏడాదంతా, నిన్నటిదాకా, ఊరందరి రాళ్ళూ చూసి ఈ ఒక్కదాన్నీ చూడలేదు. ఆస్పత్రిలో కవర్లో పెట్టి ఇచ్చిన ఉంగరాన్ని కవరుతో సహా లాకర్లో పడేసి తాళం వేశాను. భయం. ఆవిడ అన్నదే నిజమైతే? నేను గీత అనుకున్నది మొదటినుంచీ బీటే అయితే? అంత గర్వంగా, అంత ఇష్టంగా ఏరి తెచ్చి ఆయన వేలికి తొడిగింది నేనేగా.

ఆయన అంటున్నాను, లోపల మాత్రం సుకుమార్. ఎదురుగా ఏమండీ అనడమే తప్ప ఒక్కరోజూ పేరు పెట్టి పిలవలేదు. పోయాక అలవాటైంది. వినేవాళ్ళు లేనప్పుడు మర్యాదలు దేనికి. సుకుమార్, ఆ రాయి గుర్తుందా, జైపూర్ వ్యాపారి తెచ్చిన కెంపుల పొట్లంలో అది పక్కకి తీసి పెట్టి ఉంది. ఇది వద్దు మేడం, లోపల బీట ఉంది అన్నాడు. లెన్సు పెట్టి చూశాను. రాయి మధ్యలో ఏటవాలుగా ఒక సన్నని వెండి గీత, తళుక్కుమంది. రాయిని కొంచెం తిప్పాను. గీత లేదు. ఇంకొంచెం తిప్పాను, మళ్ళీ వచ్చింది. బీట అలా దాగుడుమూతలాడదు. అది కవల కెంపు. నా జీతంతో కొన్నాను, ఉంగరం చేయించాను, మా ఐదో పెళ్ళిరోజున భోజనాల దగ్గర ఇచ్చాను. మధ్యలో ఈ గీతేంటి అని నువ్వడిగావు. అంతే, నేను మొదలుపెట్టాను.

ఇది ఒకే కెంపండి, పెరిగేటప్పుడు మధ్యలో ఎక్కడో దిక్కు తిరిగింది. గీతకి ఇటూ కెంపే, అటూ కెంపే, ఒకటే పదార్థం, ఒకటే రంగు. మధ్యలో సందు లేదు, గాలి లేదు, మురికి లేదు. గాజు లాంటి వాటిలో అయితే వెలుగు ఎటు వెళ్ళినా ఒకేలా నడుస్తుంది. కెంపులో అలా కాదు, దానికి దిక్కులున్నాయి, ఒక్కో దిక్కున ఒక్కో నడక. లోపలికి వెళ్ళిన వెలుగు రెండు పాయలుగా చీలి ఒక్కోటి ఒక్కో వేగంతో పోతుంది. ధవళేశ్వరం కింద గోదారి చీలినట్టా అన్నాడు సుకుమార్, పప్పులో నెయ్యి వేసుకుంటూ. అలాగే అనుకోండి, కానీ ఇక్కడ రెండు పాయలూ ఒకే చోటే నడుస్తాయి, ఊగే తీరు వేరు. అలా పోతూ పోతూ ఈ గీత దగ్గరికి వస్తాయి. అటుపక్క రాయి అదే రాయి, దాని దిక్కు మాత్రం వేరు. ఇక్కడ అలవాటైన నడక అక్కడ చెల్లదు. అందుకని ఒక్కో పాయా మళ్ళీ చీలుతుంది, చాలావరకు అటు దాటుతుంది, కొంచెం వెనక్కి తిరుగుతుంది. ఎంత ఓరగా వచ్చి తగిలితే అంత ఎక్కువ వెనక్కి. ఆ తిరిగొచ్చిన వెలుగే మనకి గీతలా కనపడేది. ఇంకో చిత్రం ఉందండి, తిరిగొచ్చేది వెళ్ళినట్టు రాదు. అడ్డంగా ఊగుతూ వెళ్ళింది నిలువుగా ఊగుతూ వస్తుంది. సుకుమార్ ముద్ద ఆపి వాళ్ళమ్మ వైపు చూసి, అచ్చం నేను ఒకటంటే నువ్వు ఇంకోటి విన్నట్టేనే అమ్మా అన్నాడు. అప్పుడు అత్తయ్యగారు గరిటె చేత్తో పట్టుకుని అన్న మాట ఇప్పటికీ ఆ గొంతుతోనే వినిపిస్తుంది. "నువ్వు మొదలెట్టినప్పుడు అన్నం పొయ్యెక్కించానమ్మాయ్. ఉడికింది, గంజి కూడా వంచాను. నీ గీత ఇంకా అవ్వలేదేంటి?" సుకుమార్ పొలమారేదాకా నవ్వాడు. రాయి గురించి అడిగితే అరగంట ఉచితం, మొగుడి గురించి అడిగితే బావున్నారండి అని ఒక్క మాట, ఇదేం న్యాయం అన్నాడు. ఆవిడ కూడా నవ్వారు. నవ్వుతూనే, ఏమైనా బీటలాగే ఉందిరా, మగపిల్లాడి వేలికి పెట్టే రాయి నిండుగా ఉండాలి అన్నారు. అప్పుడది మాట వరసకి అన్న మాట. తర్వాత అదే మాట తీర్పయింది.

ఈ ఏడాదిలో నేను ఎవరితోనూ అరగంట మాట్లాడలేదు.

ఎదురు సీట్లో చామంతుల గంప ఒళ్ళో పెట్టుకున్నావిడ ఇందాకణ్ణుంచి నన్నే చూస్తోంది. పూలతోటల కడియంలో ఎక్కి ఉంటుంది, పూల మీద తడి గోనె కప్పింది, మెళ్ళో సన్నటి గొలుసుకి సిలువ. బండి ఆగిందని పూలు వాడకుండా ఆగుతాయా అని ఎవర్నో తిట్టింది, రైలు నడిపేవాడి పెళ్ళానికి పూలు అమ్మనంది, పక్కనున్న కుర్రాడు చెవుల్లో ఇయర్‌ఫోన్లు తియ్యకుండానే నవ్వాడు. ఫోనులో వాళ్ళ కూతురితో నేను దీనమ్మనే మాట్లాడేది, ఇంకెవరనుకున్నావు అని కసురుకుంది. పెట్టేసి నా వైపు వంగింది.

"ఏంటమ్మా, ఎక్కిన కాణ్ణుంచీ ఆ గుప్పిట తెరవట్లేదు. పిచ్చుకని పట్టుకొస్తన్నావా?"

తెరిచాను. ఎందుకు తెరిచానో తెలీదు, ఎవరైనా అడిగితే బావుండునని ఉందేమో. మగాళ్ళ ఉంగరమే అంది. మా ఆయనదండి అన్నాను. ఆవిడ కళ్ళు నా నుదుటి మీదికి, మెడ మీదికి వెళ్ళి వచ్చాయి, ఇంకేమీ అడగలేదు. ఉంగరం తీసుకుని కిటికీ ఊచల మధ్య ఎండకి పెట్టింది. లోపల గీత ఉందమ్మా, నిన్నెవరో మోసం చేశారు అంది. ఇటు తిప్పింది, అటు తిప్పింది, కనుబొమలు ముడిచింది. ఇందాక ఉంది, ఇప్పుడు లేదేంటి అంది. అది అంతేనండి, ఒక వాలులో పట్టుకుంటే వెలుగు ఒక్క చుక్క కూడా వెనక్కి రాకుండా అటు దాటిపోతుంది, అప్పుడు గీత కనపడదు, గీత అక్కడే ఉంటుంది అన్నాను. "మా ఆయన కోపంలాగ" అంది దీనమ్మ, ఉంగరం నా చేతిలో పెట్టి వేళ్ళు మూసింది. మూసిన చెయ్యి తియ్యకుండా, ఎలా పోయాడమ్మా అని అడిగింది, పూల ధర అడిగినంత మామూలుగా. అంత మామూలుగా ఇంతవరకు ఎవరూ అడగలేదు. చాగల్లు దాటాక రోడ్డు మీద ధాన్యం ఆరబోశారండి, బండి జారింది అని చెప్పాను. మా ఊళ్ళోనూ రోడ్డు మీదే పోస్తారు, ఏం చేస్తారు, కళ్ళాలు ఎక్కడున్నాయి, ఎవరి ధాన్యం అంది. తెలీదండి, పోలీసులు వచ్చేసరికి ఎత్తేశారు.

"మరి ఎవర్ని తిట్టుకుంటావు?"

తాతాజీ ఫోను. వదినా, ఎక్కడిదాకా వచ్చారు, తర్పణాలు మొదలయ్యాయి అన్నాడు. బ్రిడ్జి మీద ఆగిపోయిందండీ మరిదిగారూ అన్నాను. ఫోను చేతులు మారిన చప్పుడు, నీళ్ళ చప్పుడు, మంత్రం, తర్వాత ఆవిడ ఊపిరి. మాట లేదు. ఆవిడ ఊపిరి నాకు గోడ అవతల నుంచి తెలిసిన ఊపిరే. వచ్చేస్తున్నానండి అన్నాను. పెట్టేశారు. మరి ఎవర్ని తిట్టుకుంటావు. నేను ఎవర్నీ తిట్టుకోలేదు, నాకు తిట్టుకోవడానికి ఎవరూ లేరు. హెల్మెట్ ఉంది, వేగం లేదు, వర్షం లేదు, బ్రేకులు బావున్నాయి. ధాన్యం పోసినవాడికి పేరు లేదు. తప్పు ఎవరిదీ కాదు అనేది ఎంత చలి పుట్టించే మాటో అది ఇంట్లో పెట్టుకుని బతికితేనే తెలుస్తుంది. పోనీ ఆవిడ ఎవర్ని తిట్టుకున్నారు? ఉంగరాన్ని. ఉంగరం తెచ్చిన నన్ను. పదకొండో రోజున చుట్టాల మధ్య, ఎవరూ అడక్కుండానే, బీట ఉన్న రాయని నేను అప్పుడే చెప్పాను అన్నారు. అందరూ నా వైపు చూశారు. నేను గీత గురించి ఒక్క ముక్క చెప్పలేదు. ఆ రోజు నుంచే నా అరగంటలు ఆగిపోయాయి. కానీ పదకొండో రోజునే ఎందుకు? మొదటి రోజు ఎందుకు అనలేదు? మొదటి పది రోజులూ ఆవిడ నోట్లోంచి ఒక్క మాట కూడా రాలేదే. పది రోజులు ఆవిడ లోపల ఏం వెతుక్కున్నారు?

శుక్రవారం. ఇది ఇంతసేపు ఎక్కడుంది, ఏడాదంతా ఎక్కడుంది? నీళ్ళు ఎండలో ఒక్కసారి భగ్గుమన్నట్టు నా కళ్ళ ముందు ఆ గురువారం భోజనాల బల్ల. పెనుగొండ వాసవీ అమ్మవారికి కుంకుమపూజ మొక్కు ఉంది, రేపు శుక్రవారం వెళ్ళి చేయించుకు రారా అన్నారు ఆవిడ. ఆదివారం వెళ్తానే అమ్మా, రేపు కొట్లో సరుకు దిగుతోంది అన్నాడు సుకుమార్. అమ్మవారికి ఆదివారం ఏంట్రా, శుక్రవారమే అన్నారు ఆవిడ. సరేలే, అమ్మవారితోనైనా గెలుస్తాం గానీ నీతో గెలవలేం అన్నాడు. వెళ్ళాడు. పూజ చేయించాడు. తిరిగి వస్తూ ఉంటే. ఆస్పత్రి కవర్లో ఉంగరంతో పాటు కుంకుమ పొట్లం కూడా ఉంది, దాన్ని ఆవిడ తీసుకుని దేవుడి అరలో పెట్టారు, ఇంతవరకు విప్పలేదు. ఆవిడకి కుంకుమ ఎందుకు? ఆవిడ పెట్టుకోరుగా. ఆ మొక్కు నా కడుపు పండాలని, ఆ కుంకుమ నాకోసం. ఆవిడ పది రోజులు కూర్చుని చూసింది ఆ శుక్రవారాన్ని. ఎటు తిప్పినా అదే కనపడి ఉంటుంది. పదకొండో రోజుకి ఉంగరం దొరికింది. నన్ను నెట్టెయ్యడానికి కాదు, తను మునిగిపోకుండా పట్టుకోవడానికి. ఏడాదిగా నేను దాన్ని నామీద వేసిన నిందలాగే చూశాను, ఒకే వాలులో పట్టుకుని. తెలిసిన విద్యే, తిప్పి చూడడం. రాళ్ళన్నిటికీ చేశాను, ఆవిడకి చెయ్యలేదు.

ఇప్పుడేంటి? పొద్దున్న నేను చూసేశాను కదా. ఎవరూ రాకముందే వెళ్ళి, తలుపు వేసుకుని, లాకరు తీసి, కవరు చించి, ఉంగరాన్ని ద్రవం పోసిన గాజు గిన్నెలో ముంచాను. ముంచితే పై తళుకు పోయి లోపల ఏముందో తేటగా కనిపిస్తుంది. గిన్నెని రెండు పోలరాయిడ్ పలకల మధ్య పెట్టి దీపం వేశాను. బీట అయితే రెండువైపులా ఉన్నది ఒకే దిక్కు రాయి, తిప్పుతుంటే రెండువైపులూ కలిసి నల్లబడతాయి, కలిసి వెలుగుతాయి. తిప్పాను. గీతకి ఇటువైపు నల్లబడింది, అటువైపు వెలుగుతోంది. ఇంకొంచెం తిప్పాను. ఇటు వెలిగింది, అటు నల్లబడింది. ఒక్క పగులు లేదు. రోడ్డు మీద అంత దెబ్బ తగిలాక కూడా సూదిమొన అంత పగులు లేదు. మనిషి పోయాడు, రాయికి ఏమీ కాలేదు. నేను తప్పు చెయ్యలేదు. ఆ గదిలో, ఆ దీపం ముందు, గట్టిగా ఏడ్చాను. సంతోషమేనేమో, చెప్పడానికి ఎవరూ లేని సంతోషం. అయితే ఆ గెలుపుని కొవ్వూరు రేవుకి తీసుకెళ్ళి ఆవిడ ముందు పెడితే ఏమవుతుంది? రాయిది కాదండి అని నేను చెప్పిన మరుక్షణం ఆ నింద ఎక్కడికి వెళ్తుంది? గోదాట్లోకి వెళ్ళదు. తిన్నగా శుక్రవారానికి వెళ్తుంది. నా చేతిలో ఉన్న నిజం మంచిదే, గట్టిదే, ఎక్కడా బీట లేనిది. దాంతో ఒక ముసలావిణ్ణి ముంచెయ్యొచ్చు.

ఒక గీత, ఇటు నేను, అటు ఆవిడ. ఒకటే దుఃఖం, ఒకరికి కొడుకూ ఒకరికి మొగుడూ అయిన ఒకే మనిషి, మధ్యలో సందు కూడా లేదు, ఒక్క గోడ. అయినా ఇటునుంచి వెళ్ళిన మాట అటు చేరదు, ఓరగా తగిలి తిరిగొస్తుంది, వెళ్ళినట్టు కూడా రాదు. నేను తిన్నారా అంటే ఆవిడకి నువ్వు తిన్నావా ఎలా తినగలిగావు అని వినపడుతుందేమో. ఆవిడ తలుపు వేసుకో అంటే నాకు బయటికి పో అని వినపడింది. ఒకరు వెలిగితే ఒకరు చీకటి, నేను ఏడ్చిన రోజు ఆవిడ రాయి, ఆవిడ కూలిపోయిన రోజు నేను రాయి. సుకుమార్, నువ్వుంటే ఇద్దరి మాటలూ నీలోంచి వెళ్ళేవి. ఇప్పుడు నేరుగా వెళ్ళాలి. వెలుగు దాటే వాలు ఒకటి ఉంటుంది ఏ కవల రాయికైనా. దాన్ని వెతకడమే. అది ఈ రోజుకి ఏంటో నాకు అర్థమైంది, చాలా సులువు. ఒక్క మాట. బీటేనండి అనేస్తే సరి. రాయికి పరువు లేదు, దానికి నొప్పి లేదు. ఏ రాయి గురించీ చెప్పని అబద్ధం ఈ రాయి గురించి చెప్తాను. నా మొగుణ్ణి నా ఉంగరమే తీసుకుపోయిందని ఒప్పుకుంటాను. ఆవిడ ఇవాళ నిద్రపోతారు. గోడ అవతల మంచం చప్పుడు చెయ్యదు.

బండి కుదుపుతో కదిలింది. దీనమ్మ దేవుడికి స్తోత్రం చెప్పి, అదే ఊపులో రైల్వే వాళ్ళని మళ్ళీ తిట్టింది. కమానుల నీడలు నా ఒళ్ళో నుంచి ఒకటొకటే దాటిపోయాయి, నల్లన, తెల్లన, నల్లన, తెల్లన. కొవ్వూరులో దిగేటప్పుడు దీనమ్మ ఒక చామంతి నా గుప్పిట్లో దూర్చింది, డబ్బులివ్వబోతే కళ్ళెర్రజేసింది. ఆటోలో గోష్పాద రేవుకి వెళ్తున్నంతసేపూ ఆ ఒక్క మాటనీ లోపల అప్పజెప్పుకుంటూనే ఉన్నాను, పరీక్షకి వెళ్ళే పిల్లలా. బీటేనండి. బీటేనండి.

రేవులో జనం పల్చగా ఉన్నారు. తాతాజీ తడి పంచెతో నిలబడి వణుకుతున్నాడు, పంతులుగారు సంచీ సర్దుకుంటున్నారు. అత్తయ్యగారు చివరి మెట్టు మీద ఉన్నారు, పాదాలు నీళ్ళలో, మొహం ఏటి వైపు. నా అడుగుల చప్పుడు ఆవిడకి తెలుసు. తిరక్కుండానే, తెచ్చావా అన్నారు. తెచ్చానండి అన్నాను. ఒక మెట్టు పైన ఆగి గుప్పిట తెరిచాను, నలిగిన చామంతి రేకుల మధ్య ఉంగరం. ఆవిడ అప్పుడు తిరిగారు. చెయ్యి చాపలేదు, దాన్నే చూస్తూ నిలబడ్డారు.

"పొద్దున్న చూశావా, నీ మిషన్లో?"

చూశానండి అన్నాను. అడుగుతారని అనుకోలేదు. నీళ్ళలో వదులు అంటారనీ, వదిలేసి వచ్చేస్తామనీ అనుకున్నాను.

"ఏం తేలింది?"

"బీటేనండి."

నీళ్ళు మెట్టుకి తగిలి సగం పైకెక్కి, సగం వెనక్కి మళ్ళాయి. పంతులుగారు, అమ్మా వేళ మించిపోతోంది, వదిలేసి స్నానం చెయ్యండి అన్నారు. ఆవిడ విన్నట్టు లేదు. తల ఎత్తి నన్ను చూశారు. గడప వైపు కాదు, గోడ వైపు కాదు, నా కళ్ళలోకి. నేను తట్టుకోవాలనే చూశాను, ఎక్కువసేపు తట్టుకోలేకపోయాను.

"రాయి గురించి అడిగితే అరగంట చెప్పేదానివి" అన్నారు. "అన్నం ఉడికి గంజి వంచినా అయ్యేది కాదు. ఇవాళ ఒక్క మాటతో సరిపెట్టావేంటి, ప్రసన్నా?"

నేను ఆటోలో అప్పజెప్పుకున్నది ఆ ఒక్క మాటే. ఆవిడ ఒక మెట్టు పైకి వచ్చారు, చల్లటి తడి చేత్తో నా గుప్పిటని, పూలామె మూసినట్టే, మూశారు. ఆ చెయ్యి తియ్యలేదు. ఏటి గాలికి ఆవిడ తెల్ల జుట్టు మొహం మీద పడుతోంది, ఇంకో చేత్తో తోసుకోవడం కూడా మర్చిపోయారు.

"రాయిది కాకపోతే ఎవరిదో నాకు తెలుసులే. శుక్రవారమే వెళ్ళమంది నేనేగా."

కాదండి అందామని నోరు తెరిచాను. ఆవిడ తల అడ్డంగా ఊపారు, ఆ మాట వద్దన్నట్టు. తాతాజీని పిలిచి, పంతులుగార్ని దింపేసి రారా, మేము తర్వాత వస్తాం అని చెప్పారు. తాతాజీ నన్నూ ఆవిణ్ణీ చూసి మెట్లెక్కాడు. ఆవిడ పొడిగా ఉన్న మెట్టు చూసుకుని కూర్చున్నారు. చీర కుచ్చెళ్ళు ఇటు లాక్కుని పక్కన నాకు చోటు చేశారు.

"అయినా చెప్పు. ఆ అరగంటా చెప్పు. పొయ్యి మీద ఏమీ లేదుగా."

కూర్చున్నాను. ఆవిడ భుజం నా భుజానికి తగిలింది, ఏడాది తర్వాత. ఉంగరం మీది చామంతి రేకులు ఒకటొకటే దులిపాను.

"ముందు ఎండ ఎటుందో చూసుకోవాలండి, అత్తయ్యా" అన్నాను.

ఆవిడ నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, కళ్ళు చిట్లించి, ఎండ వైపు తిరిగారు.